మూడో పిలుపు

అచ్చంపేట,
14 జూన్ 2023.

చిరంజీవి తమ్ముడు హనుమంతుకు,

అన్న గోపయ్య దీవించి రాయునది. దీవించి అన్న మాట చేతి అలవాటుకొద్దీ పడింది. కొట్టివేతలు నాకు నచ్చవు కాబట్టి ఉంచుతున్నాను. ఫోన్ చేయక ఉత్తరమెందుకని అనుకుంటావేమో. ఫోన్లో అన్న మాటను రేపు కాదనవచ్చు. కాగితం మీది మాటను కాదనలేవు. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పుస్తకాల మధ్య బతికినవాణ్ణి. మనుషుల సాక్ష్యం కంటే కాగితం సాక్ష్యమే నాకు నమ్మకం.

నా కొడుకు రాజేశ్ ఎడమకాలి వేళ్లు రెండు తీసేశారు. ఆలేరు దగ్గర రోజూ పట్టాల వెంట మైళ్లకు మైళ్లు నడిచి, ఊడిన బిగింపులను సుత్తితో కొట్టి సరిచేసే ఉద్యోగం వాడిది. ఇకమీద నడక ఎలా ఉంటుందో డాక్టరు కూడా చెప్పలేకపోతున్నాడు. వాడికి ఈ పరుగుల పిచ్చి అంటించింది నీ కూతురు పుష్ప. గురుకులంలో ఆటల టీచరమ్మ కదా, నందికొండ గట్ల మీద ఉరికింది చాలక, హిమాలయాల్లో ఒక్కరోజులో మూడు మంచు కనుమలు దాటే పందెమని వాణ్ణి వెంటబెట్టుకుపోయింది. యాభై రెండు కిలోమీటర్లు! మన తాతలు గొర్రెల కోసం కొండలెక్కారు. వీళ్లు దేనికోసం ఎక్కారో నాకు అర్థం కాదు. నేను చదివినంతలో, మంచుకొండలకు పోయినవాళ్లలో సగం మంది కీర్తి కోసం పోయారు, సగం మంది ఇంట్లో పడక పోయారు.

కాలు జారటం ఎవరికైనా జరుగుతుంది. దానికి ఎవరినీ అనను. కానీ పుష్ప తన నోటితోనే మీ వదిన నర్సింగమ్మకు ఫోన్లో చెప్పింది: “రెండుసార్లు పిలుపు ఇనవడ్డది పెద్దమ్మా. పలకలే. ముందుకే వోయిన.” నర్సింగమ్మ నాకు తెలియకుండా దాచాలని చూసింది. రెండు పూటలు దాచింది, మూడో పూట ఏడ్చింది.

ఎందుకు పలకలేదంటే, అడవిలో పిలుపు వినబడితే మూడోసారికి గాని పలకకూడదట. దయ్యాలు రెండుసార్లే పిలుస్తాయట, మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడట! ఇన్ని చదువులు చదివిన పిల్ల బుర్రలోకి ఈ ముసలమ్మ ముచ్చట ఎలా దూరిందో నాకు తెలియదు.

మీ ఇంట్లో ఇది రెండోసారి. 1974 వానాకాలంలో, నల్లమలలో, మంద వెనక కాపు విడిచి బీడీలకని మన్ననూరు పోయావు. మన చిన్న తమ్ముడు సోమన్న తప్పిపోయిన చూడి గొర్రె కోసం లోయలోకి జారి, పిలిస్తే పలికే దిక్కులేక చనిపోయాడు. అమ్మ చచ్చేదాకా నీ చేతి ముద్ద తినలేదు. కాపు తప్పినవాడని నిన్ను కులమంతా అన్నది. ఇప్పుడు నీ కూతురు ఆ పేరు నిలబెట్టింది.

జరిగింది జరిగినట్టు రాసి, సంతకం చేసి పంపమను. ఆ కాగితాన్ని ఆమె గురుకులానికి పంపిస్తాను. పిలుపు విని వెనక్కి తిరగనివాళ్ల చేతికి పిల్లలను అప్పగించకూడదు. ఉద్యోగం పోతే పోనీ.

ఇట్లు,
నీ అన్న
గోపయ్య


నందికొండ,
21 జూన్ 2023.

ప్రియమైన పెద్దబాపుకు,

పుష్ప దండాలు. నువ్వు అడిగిన కాగితం ఇందులోనే మడిచి పెట్టాను. సంతకం చేశాను. ఆ కాగితంలో పట్టని సంగతులు ఈ ఉత్తరంలో రాస్తున్నాను. కోపం పక్కన పెట్టి చివరిదాకా చదువు.

ఆ రోజు తెల్లారగట్ల ఐదింటికి బయలుదేరాము. మొదటి కనుమ మీద మంచు రాయిలా గడ్డకట్టి ఉంది. బూట్ల కింద ఇనుప ముళ్లు కట్టుకుంటే తప్ప అడుగు నిలవదు. నేను ముందు, తమ్ముడు రాజేశ్ యాభై అడుగులు వెనక. మందను తోలేటప్పుడు ముందు కాపు వెనక్కి చూడొద్దని, వెనకవాడి అడుగుల చప్పుడే లెక్క అని నువ్వే చెప్పావు. అట్లాగే పోయాము. ఎక్కినంతసేపూ వాడు ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. “అక్కా, గీ మంచంత కుండలల్ల నింపి మనూరికి పంపితే ఎండకాలం కల్లు పులువకపోవు.” “నోరు మూసుకొని ఊపిరి దాసుకోరా.” “ఊపిరుంటె గదా దాసుకునేటందుకు.”

రెండో కనుమ పదకొండు గంటలకు దాటాము. దిగువన ఆ దేశపు గొల్లలు మందను పైకి తోలుతున్నారు. ముందు మేకపోతు, వెనక కుక్క, అంతా మన లెక్కే. వాళ్లలో ఒక ముసలాయన మమ్మల్ని చూసి మూడు వేళ్లు చూపించాడు. ఇద్దరమేనని నేను రెండు వేళ్లు చూపించాను. ఆయన నవ్వలేదు. మా వెనకకు చూసి మళ్లీ మూడు చూపించాడు. మూడో కనుమ సంగతి అడుగుతున్నాడనుకొని తల ఊపి పోయాము.

మూడో కనుమ సగం ఎక్కాక మబ్బు దిగింది. చెయ్యి చాస్తే వేళ్లు కనిపించవు. కొత్త మంచు కురవటం మొదలైంది. దారికి పాతిన ఎర్రజెండాలు పది అడుగుల దాకా వస్తే గాని కనబడవు. వెనక అడుగుల చప్పుడు వస్తూనే ఉంది, కాబట్టి నాకు ఫికర్ లేదు. అప్పుడు ఎవరో పిలిచారు. “గోపన్నా...”

మగ గొంతు. వయసు పిల్లవాడి గొంతు. మేమిద్దరం రొప్పుతున్నాము, ఆ గొంతులో రొప్పు లేదు. వానలో తడిసినవాడు పిలిచినట్టుంది. రాజేశ్ పిలిస్తే అక్కా అంటాడు, తన తండ్రి పేరు పెట్టి ఎందుకు పిలుస్తాడు? నేను పలకలేదు. కాసేపటికి మళ్లీ, “గోపన్నా...” అప్పుడు భయమేసింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు, అవ్వ దినాలకు వచ్చినప్పుడు, నన్ను మంద వెంట తీసుకుపోయి నువ్వు చెప్పిన మాట గుర్తుకొచ్చింది: “బిడ్డా, అడివిల ఎవలన్న పిలిస్తే మూడోసారికి గాని పలుకొద్దు. రెండుసార్లు పిలిచి ఊకునేది మనిషి కాదు.” నా చెయ్యి పట్టుకొని మూడుసార్లు నాతో చెప్పించావు. ఒట్టు కూడా పెట్టించావు.

పావుగంట పైకి ఎక్కాను. అప్పటికి గాని వెనక చప్పుడును సరిగ్గా వినలేదు. ఇనుప ముళ్లయితే మంచులో కరకరమంటాయి. ఇది కిర్రు కిర్రుమంటున్నది. నీళ్లలో నానిన తోలు చెప్పుల చప్పుడు. ఎంతసేపటి నుంచి ఆ చప్పుడును నా తమ్ముడి అడుగులనుకుంటూ వచ్చానో తెలియదు. అది ఆగిపోయింది. మూడోసారి పిలుపు వచ్చింది, నా చెవి పక్కనే, మెల్లగా.

“ఓ... వస్తున్న” అని పలికి వెనక్కి తిరిగాను. ఆ కిర్రు చప్పుడు కిందికి పోతూ ఉంటే దాని వెంట దిగాను. మంచుకు వాసన ఉండదు పెద్దబాపూ. కానీ దారి పొడుగునా తడిసిన గొంగడి వాసన. జెండాలు దాటి ఎడమకు పోతే, ఒక గట్టు కింద రాజేశ్ పడి ఉన్నాడు. ఒక బూటు లేదు, ఆ కాలు మంచు కరిగిన నీళ్లలో ఉంది. చుట్టూ జానెడు కొత్త మంచు. వాడి మీద మాత్రం రవ్వంత లేదు, అప్పటిదాకా ఏదో కప్పి ఉంచి తీసినట్టు. ఛాతీ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. దవాఖానలో డాక్టరమ్మ కూడా ఇదే అడిగింది, “ఏం కప్పినవమ్మా?” అని.

తెలివి వచ్చాక వాణ్ణి అడిగాను. “నేనేడ పిలిచిన అక్కా? దవడలు వట్టుకవోయినయి. పిలిస్తే అక్కా అంటగని, మా బాపు పేరు వెడితె మా బాపు తంతడు” అన్నాడు.

ఆ పావుగంట నాదే. దానికి నువ్వు ఏ శిక్ష వేసినా సరే. ఒక్కటే అడుగుతున్నాను. మా బాపు నిన్ను పెద్దన్న అంటాడు. పెద్దమ్మ అసలు పేరే పెట్టదు. గోపన్న అని నిన్ను పిలిచేది ఎవరు? బాపును అడిగితే తింటున్న కంచం ముందు నుంచి లేచి డ్యాం దిక్కు నడిచిపోయాడు.

నీ బిడ్డ
పుష్ప


అచ్చంపేట,
27 జూన్ 2023.

నా తమ్ముడు హనుమంతుకు,

ఈసారి దీవెన లేదు. ఇచ్చే అర్హత లేదు గనుక.

పుష్ప సంతకం చేసిన కాగితాన్ని పొయ్యిలో వేశాను. నర్సింగమ్మ పక్కనే నిలబడి, కాలేదాకా చూసి, “గీ ఒక్కటన్న మంచిపని జేసినవు” అన్నది. నలభై తొమ్మిదేళ్ల సంసారంలో ఆమె నన్ను మెచ్చుకోవటం ఇది రెండోసారి. మొదటిసారి ఎందుకో ఇద్దరికీ గుర్తు లేదు.

చలిలో, పలుచటి గాలిలో, అలిసిన మెదడు లేని గొంతులను పుట్టిస్తుందని నేను చదివాను. పక్కన ఇంకొకడు నడుస్తున్నట్టు అనిపిస్తుందని కూడా చదివాను. ఆ పుస్తకాలన్నీ మళ్లీ తీశాను. గొంతును పుట్టిస్తుంది సరే. ఆ పిల్ల పుట్టకముందు పోయినవాడి పిలుపును ఎక్కడి నుంచి తెస్తుంది? గోపన్న అని నన్ను పిలిచింది సోమన్న ఒక్కడే. నీవు వాడి పేరు నీ ఇంట్లో పలకలేదని నాకు తెలుసు. పలికే హక్కు నీకు లేకుండా చేసింది అమ్మ. అమ్మతో చేయించింది నేను.

ఆ ముసలమ్మ ముచ్చటను పుష్పకు ఎవరు చెప్పారో తెలియదని రాశాను. అబద్ధం. మంద వెంట వచ్చిన మన పిల్లలందరికీ నేనే చెప్పాను, ఒట్టు పెట్టించి మరీ చెప్పాను. ఎంతమంది నమ్మితే నాకు అంత నిద్ర పట్టేది.

ఆ మధ్యాహ్నం నిన్ను మన్ననూరు పంపింది నేను. బీడీలు నాకోసం. ఈ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. అమ్మ నిన్ను తిట్టిన ఇన్నేళ్లలో నీవు ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదురా? విప్పి ఉంటే నిన్ను మనస్ఫూర్తిగా ద్వేషించి ఊరుకునేవాణ్ణి.

నీకు తెలియనిది ఇప్పుడు చెబుతాను. వాన పడుతున్నది. మంద ముందు, ఒక రాతి చరియ కింద కూర్చొని పుస్తకం చదువుతున్నాను. లోయలో నుంచి “గోపన్నా” అని పిలుపు వచ్చింది. విన్నాను. సోమన్న గొంతని గుర్తుపట్టాను. ఆ పొద్దున వాడు నన్ను ఎగతాళి చేశాడు, “గోపన్న సదువుతుంటె గొర్రెలు గూడ పాసైతయి” అని. ఆ మంట ఉంది. పైగా కథ మంచి పట్టులో ఉంది. ఈ పేజీ అయ్యాక లేద్దామనుకున్నాను. పేజీ తిప్పాను. రెండోసారి పిలిచాడు. ఇంకొక పేజీ అనుకున్నాను. చదవటం అయ్యాక లేచి నిలబడి, మూడో పిలుపు కోసం చెవి పెట్టాను. రాలేదు. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఆచారం గుర్తుకొచ్చింది. రెండుసార్లు పిలిచి ఊరుకున్నది మనిషి కాదని నాకు నేను చెప్పుకొని మందను మళ్లేశాను. భయపడి ఆగానని చెప్పుకున్నా కొంత మర్యాద ఉండేది. నేను భయపడలేదు.

మరునాడు మనిద్దరం దిగి చూసినప్పుడు వాడు ఎలా ఉన్నాడో గుర్తుందా? కాలు విరిగి, కొత్త కిర్రు చెప్పులతోనే, ఒట్టి ఒంటితో వానలో. వాడి గొంగడి ఆ రాత్రి పుట్టిన గొర్రెపిల్ల మీద కప్పి ఉంది. పిల్ల బతికింది. పుష్ప రాసిన వాక్యం, రాజేశ్ మీద మాత్రం మంచు లేదన్న వాక్యం చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. మళ్లీ పెట్టుకోవటానికి రెండు రోజులు పట్టింది.

యాభై ఏళ్ల కింద నన్ను రెండుసార్లు పిలిచిన సోమన్న, అప్పుడు రాని మూడో పిలుపు కోసం అంత దూరం, ఆ మంచులోకి పోయాడు. నాకు వచ్చిన పిలుపుకు నీ బిడ్డ పలికింది. నా కొడుకు దక్కాడు. రాజేశ్‌కు నిన్న అంతా చెప్పాను. వాడు తన కాలివైపు చూసుకొని, “అక్క కాళ్లు మొక్కుపో బాపూ” అన్నాడు. నేను నందికొండ వచ్చే ధైర్యం ఇంకా రాలేదు. అందుకే నిన్ను రమ్మంటున్నాను.

ఆదివారం దేవరకొండ మీదుగా మొదటి బస్సులో రా. ఇద్దరం మన్ననూరు పోదాం. కులపోళ్లను అచ్చంపేటకు ముందురోజు శనివారమే రమ్మన్నాను, వాళ్ల ముందు ఇదంతా నా నోటితో చెబుతాను, నీవు వచ్చేసరికి నీ మీది మాట పోయి ఉంటుంది. లోయదాకా నీవు ముందు నడువు. ఈసారి వెనక కాపు నాది.

నాలుగు రోజులుగా మధ్యాహ్నం పూట, ఎండ మండిపోతుండగా, పుస్తకం తెరిస్తే చాలు తడిసిన గొంగడి వాసన వస్తున్నది. చెవి పెట్టి కూర్చుంటున్నాను. వాడు పిలవడు. వాడి మూడు పిలుపులూ అయిపోయాయి. ఇక పిలవవలసింది నేను. ఎన్నోసారికి పలుకుతాడో తెలియదు.

ఇట్లు,
కాపు తప్పినవాడు
గోపయ్య