ఎనిమిది ఆదివారాల ముఖం

కల్బా,
19 నవంబర్ 2023

బీడీ కార్మికుల సంఘం అధ్యక్షురాలు ప్రేమకు, దేవేందర్ నమస్కారాలు.

భార్యకు ఉత్తరమంటే చి.ల.సౌ. అని మొదలుపెట్టాలట. నా ఆయుష్షుకు నిన్ను జామీను పెట్టే ఆ మాట నేను రాయను. నేను క్షేమం. అమ్మ మోకాళ్లు, నీ దగ్గు ఎలా ఉన్నాయో రాయి. వీసా రిన్యూవల్ ఏమైందని అడిగావు, చివర్లో చెబుతాను. ఫోన్లో అయితే సగంలోనే వాదనకు దిగుతావు. అందుకే కాగితం మీద రాసి, ఊరికొస్తున్న లింబాద్రి చేతికిస్తున్నాను.

మా కంపెనీ ఆఫీసు హాల్లో పెట్టడానికి ఆరుగురు కూలీల ముఖాలు గీయమని మార్గో అనే ఆస్ట్రేలియా చిత్రకారిణిని పిలిపించారు. నాకు ఒళ్లు మండింది. బతికున్న కూలీకి నీడ చూపనివాళ్లు బొమ్మకు ఏసీ పెడతారా అని క్యాంపులో అందరిముందూ ఆమెనే నిలదీశాను. మా గదిలో ఉండే అనీష్ ఆమెకు ఇంగ్లీషులో చెప్పాడు, తర్వాత కూడా మా ఇద్దరి మాటలూ అతని ద్వారానే. ఆమె అంతా విని, మొదట నన్నే గీస్తానంది.

ఫొటో చూసి గీయదట. ఎనిమిది ఆదివారాలూ ఆరుగురం వంతులేసుకుని ఆమె ఎదురుగా కూర్చోవాలి. ఏందన్నా, పెండ్లిసూపులకు పోతున్నవా అని లింబాద్రి ప్రతివారం ఎగతాళి.

మా ముదీర్, అంటే మేనేజరు, హెల్మెట్ పెట్టి కంపెనీ కోటు తొడుక్కోమన్నాడు. హెల్మెట్ లేకుండా నా చొక్కాతోనే కూర్చుంటాను, బొమ్మ కింద నా పేరు, మన ఊరి పేరు, సెంట్రింగ్ మేస్త్రి అని ఉండాలన్నాను. ఖలాస్, ఇంకొకణ్ణి కూర్చోబెడతానన్నాడు. మార్గో కుంచె కింద పెట్టి, అయితే గీయడానికీ ఇంకొకరిని చూసుకోండి అంది. ముదీర్ ఆ కోటూ హెల్మెటూ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె తండ్రి బంగారు గనిలో కూలీ. డ్యూటీ దిగి బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంటే, కనురెప్పల మడతల్లో దుమ్ముతో సహా గీసిందట. అదే మొదటి బొమ్మ. తర్వాత పేరొచ్చింది. ఒక మంత్రి ఆఫీసువాళ్లు ఆయన ముడతలు తగ్గించమంటే తగ్గించింది. అందరూ మెచ్చుకున్నారు, తనకు మాత్రం ఇప్పటికీ సిగ్గేనట. ఇక మీదట ఆ ముఖం గలవాళ్లే చెబితే తప్ప ఏదీ చెరపనని ఒట్టు పెట్టుకుంది. మంత్రి ముడతలు గీసేవాళ్లు దొరుకుతారు, బీడీలు చుట్టే వేళ్లను ఎవరు గీస్తారని అడిగాను. నీ ఫొటో చూపించమంది. ముఖం చూశాక నీ వేళ్ల దగ్గర చాలాసేపు ఆగింది.

మొన్న బొమ్మ గోడకెక్కింది. కింద నేను చెప్పిన మూడు ముక్కలూ ఉన్నాయి. మిగతా ఐదుగురి పేర్లూ, ఊళ్లూ అలాగే రాశారు. మా సైట్లో పనిచేసే నూర్ మొహమ్మద్ నా బొమ్మను చూసి, అరే భాయ్, ఇది ఇప్పుడే జగడానికి దిగేటట్టుంది అన్నాడు. ప్రేమా, ఆ హాల్లో నేను మొదటిసారి చేతులు కట్టుకోకుండా నిలబడ్డాను.

నీ ఎదురు వాదనకు కాచుకున్న
దేవేందర్

తా.క.: బొమ్మ ఫొటో జత చేశాను. జుట్టు చూడు. ఇన్నేళ్లూ ఫోన్లో నీకు కనిపించిన నలుపు, రంగు డబ్బాది. తల నెరిసినవాళ్లను ఇక్కడ రిన్యూవల్ ముందే పక్కకు తీస్తారు. నీకూ చెప్పలేదు, సిగ్గుపడ్డాను. మధ్యలో ముఖం మార్చుకోవద్దని మార్గో చెప్పడంతో రంగు మానేశాను. సైట్లో హెల్మెట్ కాపాడింది. చివరి ఆదివారానికి సగం తల తెల్లబడింది. బొమ్మలో నల్లగా వేసేయమంటావా, నువ్వు చెప్పినట్టే చేస్తాను అంది మార్గో. మన ముఖం మనదిగా ఉండాలని కొట్లాడింది నేనే కదా, ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నాను. ముదీర్ బొమ్మను చూశాడు, తర్వాత నా తలను చూశాడు. రిన్యూవల్ లేదని నిన్న కబురొచ్చింది. మార్గోను తిట్టకు. జనవరిలో వస్తున్నాను. ఎయిర్‌పోర్టులో నల్లజుట్టువాడి కోసం వెతకొద్దు.