దవడ సెలవు

రాయగడ,
18-6-1982.

టౌన్‌షిప్ ఇంజనీరు గారి సముఖమునకు పంప్‌హౌస్ ఆపరేటరు కోరాడ మన్మథరావు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: దవడ ఆపరేషను నిమిత్తం రెండు మాసముల సెలవు నిరాకరించిన ఉత్తర్వును మరల పరిశీలించుట గురించి, కటింగ్ ప్లయరు ఒకటి ఇప్పించుట గురించి.

తమరికి మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా కింది దవడ పైదానికంటె ముందుకు పెరిగిపోయినది. వెనుక రెండు పళ్ళు తప్ప తక్కినవేవీ ఒకదానినొకటి తాకవు. ఆవలించినచో దవడ పట్టుకుపోయి, తెరిచిన నోరు తెరిచినట్లే ఉండిపోవుచున్నది. విశాఖపట్నంలో డాక్టరు గారు ఇంత వయసు వచ్చేదాకా ఏం చేస్తున్నావని చీవాట్లు పెట్టి, ఎముక కోసి వెనక్కి జరిపెదనన్నారు. అందుకు ముందుగా పళ్ళు వరుసకు రావాలని తీగలు వేసినారు. ఏడాదిగా ఆ తీగలతోనే డ్యూటీ చేయుచున్నాను. వచ్చే నెల మొదటి సోమవారం ఆపరేషను. ఆ వారం దాటితే ఆ డాక్టరు గారికి బదిలీ. ఈ పని తెలిసినవారు అక్కడ మరొకరు లేరు.

2. సెలవు చీటీ ఇంగ్లీషులో పెట్టగా, ఆఫీసు హెడ్ గుమాస్తా బడబాబు గారు అందులో 'కరెక్షన్' అను మాట చూసి, "మన్మథ బాబూ, ఆఉ థరే బాహా హెబ కి?" అనిరి. మళ్ళీ పెళ్ళి చేసుకుంటావా అని ఆయన ప్రశ్న. ఆఫీసంతా నవ్వినది. ఆ నవ్వులోనే 'సౌందర్య నిమిత్తం' అని గీకి తమ బల్ల మీదకు పంపినారు. మన్మథరావు అని పేరు పెట్టినది మా తాతగారు. పెట్టిన నాటికి నాకు పళ్ళే లేవు. ఇందువలన ఈసారి మన తెలుగులోనే వ్రాయుచున్నాను.

3. తమరు నన్ను పిలిపించి, మాట్లాడించి, "నీ మాటలో లోపమేమీ లేదయ్యా, అది మీ శ్రీకాకుళం యాస" అని తేల్చితిరి. తమరు కృష్ణా జిల్లా వారు. క్షమించాలి, వివరించక తప్పదు. తమరు 'చెప్పు' అందురు. మా ఇంట్లో అందరమూ 'సెప్పు' అందుము. అది యాస, దానికి నేను సెలవు అడగలేదు. ఆ 'సెప్పు' నా నోట 'థెప్పు' అని వచ్చును. అది దవడ. చ పోయి స అగుట మా ఊరి వలన, స పోయి థ అగుట నా ఎముక వలన. రెంటినీ కలిపి మా జిల్లా నెత్తిన రుద్దుట న్యాయం కాదు.

4. పైగా గత మాసం నేను ఫోనులో "సాత్ నంబర్ బంద్ కరో" అనగా అవతలివారికి 'ఆఠ్' అని వినపడి, ఏడో వాల్వు బదులు ఎనిమిదోది మూసినారు. పండుగ పూట ఆఫీసర్ల క్వార్టర్లకు నీళ్ళు లేవు. తమ శ్రీమతి గారు తల మీద కుంకుడు నురుగుతో కబురు పంపినారు. అందుకు 'మాట స్పష్టంగా లేనందున' అని నాకు మెమో. సెలవు దగ్గరకు వచ్చేసరికి మాట స్పష్టంగానే ఉన్నదని ఉత్తర్వు. రెండింటి కిందా సంతకం తమదే. నా మాట స్పష్టమా, కాదా? ఏదో ఒకటి ఖాయం చేయండి బాబూ, నాకు పిచ్చెక్కిపోతోంది.

5. ప్లయరు విషయం. ఆపరేషను తరువాత ఆరు వారములు పై దవడను, కింది దవడను కలిపి తీగతో కట్టివేయుదురు. అప్పుడు వాంతి వచ్చినచో ఊపిరాడక ప్రాణం పోవును గనుక, తీగ తెంపుటకు ప్లయరు ఎల్లవేళలా చేరువలో ఉండవలెనట. నా భార్య గురువమ్మ పక్కింటి ప్లయరు అడిగి తెచ్చి, బట్టలారవేసే తీగ మీద సాధన చేసి, పెరట్లో దండెములన్నీ తెంపివేసినది. ఇదేమిటే అంటే, "రేపు మీకు వాంతొస్తే నా సెయ్యి వణక్కుండా ఉండాల కదేటి?" అన్నది. ఉగ్గుగిన్నెతో చోడంబలి, అనగా రాగి జావ, పోయుట కూడా నా మీదనే నేర్చుకొనుచున్నది. ఒకటో తరగతి చదువు మా అమ్మాయి బుల్లి పక్కన కూర్చుని, "మింగీసేడమ్మా, ఇంకోటి పొయ్యి" అని పురమాయించుచున్నది. నేను ఇంట్లో కూర్చోలేను, నిలబడలేను. ఊరికే గేటు దాకా పోయి వచ్చుచున్నాను. స్టోర్సు వారేమో సొంత పనికి ప్లయరు ఇవ్వబోమన్నారు. వాల్వు నంబర్లు చెప్పునది ఈ నోటితోనే గనుక ఇది సొంత పని కాదని నా మనవి.

6. మత్తు ఇచ్చిన తరువాత లేవనివారు కూడా ఉందురట. డాక్టరు గారు అనలేదు, రైలులో పక్కన కూర్చున్నాయన అన్నాడు. ఈ అంశము సెలవుకు సంబంధించినది కాదు. కొట్టివేయుదామనుకొని కూడా ఉంచితిని.

కావున తమరు నా దవడను సౌందర్యం నుండి తప్పించి జబ్బుల్లో చేర్చి, సెలవు, ప్లయరు రెండునూ మంజూరు చేసి, ఆ ఉత్తర్వు ఈ నెలాఖరులోగా నా చేతికి అందునట్లు చిత్తగించవలెను.

ఇట్లు,
దవడ మినహా తక్కినదంతా
తమ విధేయుడు,
కోరాడ మన్మథరావు

తా.క.: ఇంజినీరు బాబుగారికి, ఆయన భార్య గురువమ్మ రాసేది. కవరు అంటించడానికి అన్నం మెతుకులు తెస్తానని ఆయన లోనకెళ్ళేరు, ఈలోపల రాస్తన్నాను. ఈ అర్జీ సూసి ఆయనకి ధైర్నం ఉందనుకోకండి. సెలవు రాకుండా సూడు తల్లీ అని మజ్జిగౌరమ్మకి మొక్కుకున్నారు. గుళ్ళో ఎనకాలే ఉన్నాను, ఇన్నాను. ఎంటనే నాను ఎదురు మొక్కు మొక్కేను. పెళ్ళయినకాణ్ణుంచీ ఆయన మా ఎదర కూకొని బువ్వ తిన్లేదు బాబూ. నమిలింది జారిపోతాదని సిగ్గు, గోడేపు తిరిగి తింతారు. నిన్న సూద్దును కదా, మా బుల్లి కూడా పళ్ళెం అట్టుకెళ్ళి గోడేపు తిరిగి కూకుంది. ఏటమ్మీ అలా కూకున్నావు అంటే, బువ్వ ఇలాగే కదా తింతారు అంది. సెలవిచ్చీయండి బాబూ.