వాత కాదు నాయినా, సూది

నాయినా,

నీ గుండె ఆగిపోయి ఇవాళ్టికి ఏడాది. నీకు ఆక్యుపంక్చర్ సూదుల వైద్యం చేసిన డాక్టరమ్మతో కొట్లాడదామని వికారాబాద్ పోయాను. పెద్దేముల్ నుంచి ఆటోలో తాండూరు, అక్కడ రైలెక్కాను. దారి పొడవునా తిట్లు కూడబెట్టుకుంటూనే ఉన్నాను.

"మా నాయిన గుండె గోలీలు ఎందుకు బంద్ జేసిండు? నువ్వే జెప్పినవా?" అని అరిచాను.

"లేదమ్మా. గుండెను ఉరికించే నరాలు కొన్ని, నెమ్మది చేసే నరాలు కొన్ని ఉంటయి. సూది గుచ్చితే నెమ్మది చేసేటియి జర గెలుస్తయి. అది గూడ కాసేపే. గోలీలు ఆపొద్దని వచ్చినప్పుడల్లా చెప్పిన. మంచిదని తలూపిండు."

తలూపావా! కాళ్లు పడిపోయిన గొర్రెకు ఒక్క వాత పెట్టి, ఇక వేరే మందు అక్కర్లేదని మందలోకి తోలేవాడివి. సూదిని కూడా వాతే అనుకున్నావు. "దడ పోయింది బిడ్డా, ఇంక గోలీలెందుకు?" అని నా నోరు మూయించావు. నీ గుండె, గొర్రె కాలు ఒకటేనా?

అరిచి అరిచి నాకూ గుండె దడ పట్టుకుంటే ఆమె నన్ను పడుకోబెట్టి, మణికట్టు దగ్గర సూది గుచ్చింది. ఆ వైద్యం ఉత్త మోసమైతే బాగుండు, తప్పంతా ఆమె మీద తోసేసేదాన్ని. కానీ నిజంగానే దడ తగ్గింది. నువ్వెందుకు నమ్మావో అర్థమైంది.

"ఇంకా కాసేపు పండుకో" అందామె.

పడుకోలేదు. నీ మీద కోపం కూడా తగ్గిపోయేలా ఉందని, సూది నేనే పీకేసుకుని లేచి వచ్చేశాను.