తూకానికి కొన్న సైకిలు

తిరువూరు,
20-2-1975, గురువారం.

అమ్మకు వీరరాఘవయ్య నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ నేను, శివపార్వతి, గేదె, దూడ అందరం కులాసాగా ఉన్నాం. దూడ అన్నానుగా, నువ్వు ఉత్తరంలో అడిగించిన మొదటి ప్రశ్నకి జవాబు వచ్చేసినట్టే. పెయ్యదూడే పుట్టింది. అక్కడ నువ్వు, చెల్లాయి, బావగారు బాగున్నారని తలుస్తాను.

సరోజినీ, ఈ ఉత్తరం అమ్మకి నువ్వే చదివి వినిపిస్తావని తెలుసు. నీ చెడ్డ అలవాటు కూడా తెలుసు. ముందు ఆఖరి కాగితం చూసేసి, మొహం ఒకలా పెట్టి, అప్పుడు మొదటికొస్తావు. ఈసారి ఆ పని చేశావో, చూడు మరి! వరసగా చదువు, గట్టిగా చదువు, ఒక్క మాట కూడా మింగకు.

అమ్మా, కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకునే ఉంటున్నావా? శుక్లం తీసిన డాక్టరుగారు తల వంచొద్దన్నారు, బరువెత్తొద్దన్నారు, ముఖ్యంగా ఏడవొద్దన్నారు. ఆ ఆఖరి మాట నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. అందుకే ఇవాళ అన్నీ నిదానంగా, ఒకదాని తర్వాత ఒకటిగా రాస్తున్నాను.

మిరపకాయలు ఎండుతున్నాయి. కళ్ళం నిండా పరిచాం. మామిడి పూత ఈ ఏడు బాగా కనపడుతోంది, మంచు దెబ్బ కొట్టకపోతే అదృష్టమే. బస్సులో మధ్య సీటులోనే కూర్చోమని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టొద్దని రాయించావు. నాకు నలభై రెండేళ్ళమ్మా! అయినా మధ్యలోనే కూర్చుంటున్నాను. పక్కవాళ్ళు నవ్వుతున్నారు, నవ్వనీ.

ఇక ఆ చివరి ప్రశ్న. "వాడు ఇంట్లో సైకిలు పెట్టుకున్నాడట, ఎవరో చెప్పారు, నిజమేనా?" అని అడిగించావు. ఆ ఎవరో మా ఆవిడేనని నాకు తెలుసు. నిజమే.

కంగారు పడకు, చెప్పేది విను. బండి ఇరుసుకి ఇనుప ముక్క కావాలని సంక్రాంతి ముందు ఖాదర్‌బాషా పాత ఇనుము కొట్టుకి వెళ్ళాను. చిల్లుబకెట్ల కింద ఒక హ్యాండిలు కొమ్ము బయటికి కనపడింది. లాగితే మొత్తం సైకిలే వచ్చింది. తెల్లదొరల కాలంలో ఓడ మీద వచ్చిన సైకిలట. తుప్పు పట్టి, బంక మట్టి పట్టి, సీటు తోలు పగిలి, చక్రాల్లో సగం పుల్లలు విరిగి ఉంది. "దాన్నేం చేసుకుంటారండీ? కరిగించడానికి బెజవాడ పంపిద్దామని పక్కన పెట్టా. అసలు మీరు సైకిలు తొక్కరు కదండీ!" అన్నాడు ఖాదర్‌బాషా. తొక్కను, చూసుకుంటాను అన్నాను. వాడు తలగోక్కుని, పాత ఇనుము తూకానికే తూచి ఇచ్చాడు.

సైకిలు ఎక్కనని నా చేత నీ చేతిలో చెయ్యి వేయించుకున్నావు. ఎక్కనన్నాను గానీ బాగు చెయ్యనని అనలేదుగా? చదువుకుని ఉంటే నేను మంచి ప్లీడరునయ్యేవాణ్ణి. కానీ ఒక మాట దాచకుండా చెప్తాను. నాతోటి వాళ్ళంతా నెమలి ఊరి తిరనాళ్ళకి సైకిళ్ళ మీద వెళ్తుంటే, నేను బండిలో గడ్డి మీద కూర్చుని వాళ్ళ వీపులు చూస్తూ వెళ్ళేవాణ్ణి. ఎక్కాలన్న ఆశ అప్పటినుంచీ ఉంది. అది చావలేదు.

పని మొదలుపెట్టాక నాకు మతిపోయిందమ్మా. కిరసనాయిల్లో గుడ్డ ముంచి రుద్దుతుంటే మట్టి పోయింది, గరుకు కాగితంతో గీస్తే తుప్పు పోయింది. సీటు బిగించే పట్టీ తీసి చూస్తే, దాని కింద వేలెడు మేర అసలు రంగు అలాగే ఉంది. ముదురాకుపచ్చ, మధ్యలో సన్నటి బంగారు గీత. ఆ గీత చెయ్యి వణక్కుండా గీసినవాడు ఎవడో, ఇప్పుడు ఉన్నాడో లేడో! శివపార్వతిని పిలిచి చూపించాను. "పెళ్ళిలో నా పట్టుచీర అంచు కూడా ఇంత తేరిపార చూడలేదు మీరు" అని వెళ్ళిపోయింది.

తర్వాత చక్రం మధ్యలో ఉండే హబ్బు విప్పాను. లోపల నల్లగా, గట్టిగా తారులాంటి జిగురు. పోయిందిరా అనుకుంటూ కిరసనాయిలు పోసి కడిగితే, అందులోంచి ఇనుప గుండ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పెసరగింజల కన్నా కాస్త పెద్దవి. ఒక్కదానికీ మచ్చ లేదు, గీత లేదు. నా మొహం కనపడుతోంది వాటిల్లో! పైన ఎంత పాడైనా లోపల అవి అలాగే ఉన్నాయి. అరచేతిలో పోసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను, అన్నానికి పిలిస్తే కూడా లేవలేదు.

ఎడమ పెడలు మాత్రం నన్ను ఏడిపించింది. కుడిది చక్కగా ఊడొచ్చింది. ఎడమది పానా వేసి బలమంతా పెట్టినా కదల్లేదు. ఆముదం పోశాను, సుత్తితో కొట్టాను, దాన్ని, దాన్ని చేసినవాణ్ణి కలిపి తిట్టాను. చివరికి విసుగొచ్చి ఊడొచ్చిన కుడి మరని, ఎడమదాని వెనక బయటికి కనపడే కాస్త మర పక్కన పెట్టి చూశాను. కుడిదానికి మర మెట్లు ఇటు తిరిగితే, ఎడమదానికి అటు తిరుగుతున్నాయి. నేను విప్పుతున్నాననుకుని ఇన్నాళ్ళూ దాన్ని ఇంకా ఇంకా బిగిస్తున్నానన్నమాట! ఎందుకలా చేశాడా అని పెడలు చేత్తో తిప్పుతూ ఆలోచిస్తే అర్థమైంది. మామూలు మర పెడితే, తొక్కగా తొక్కగా కాలి కిందే వదులై ఊడిపోతుంది. ఎక్కడో తెల్లదొరల సీమలో కూర్చుని, ముక్కూ మొహం తెలియని మనిషి పడిపోకూడదని ఎడమకాలికి విడిగా మర కోయించాడమ్మా! తిట్టినందుకు ఆ మహానుభావుడికి అక్కడే దణ్ణం పెట్టుకున్నాను.

రంగు వేశాను, సీటు తోలుకి ఆముదం పట్టించాను, కొత్త టైర్లు, కొత్త పుల్లలు వేశాను. పుల్ల ఒక్కటి తీసుకుంటే వేళ్ళతో వంచెయ్యొచ్చు. అన్నీ కలిసి ఒకదాన్నొకటి లాగిపెట్టుకుంటే రెండు బస్తాలు మోస్తాయి. స్టాండు వేసి వెనక చక్రాన్ని తిప్పి వదిలితే చప్పుడు లేకుండా అలా తిరుగుతూనే ఉంటుంది. రోజూ పొద్దున్నే కళ్ళం దగ్గర దాన్ని నిలబెట్టి, తుడిచి, చక్రం తిప్పి చూసుకునేవాణ్ణి. అంతే. ఎక్కలేదు.

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో తప్పేం లేదు కదా. సరోజినీ, అమ్మకి కాసిని మంచినీళ్ళివ్వు.

మిరపకాయల తొడిమలు తీయడానికి మన మంత్రసాని హన్నమ్మ కూడా వచ్చింది. నా అవస్థ చూసి, "ఎక్కరేంటి బాబూ? దేవుడి పటంలాగా రోజూ తుడుచుకుంటా కూర్చుంటారా?" అంది. నీకిచ్చిన ఒట్టు సంగతి చెప్పాను. నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మగారు ఒట్టేయించుకున్నారా? ఎవర్నడిగి ఏయించుకున్నారంట? తవుడు పోసి తీసుకుంది నేను గదా. బిడ్డ నాది గదా!"

సరోజినీ, ఇది నీకు సగమే తెలుసు. నాకూ సగమే తెలుసని ఆవేళే తెలిసింది. నాకు ముందు పుట్టిన నలుగురూ అమ్మకి దక్కలేదు. నేను పుట్టగానే చేటలో పడుకోబెట్టి హన్నమ్మకి తవుడుకి అమ్మారు. వేరేవాళ్ళ బిడ్డ అనుకుని చావు పక్కకి పోతుందని. అందుకే ఇంట్లో నన్ను తవుడు అన్నారు. ఆ పైన సిద్ధాంతిగారు జాతకం చూసి వాహన గండం అన్నారు. అక్కణ్ణించి ఈ ఒట్లు. ఇంతవరకూ అందరికీ తెలిసిన సంగతే. హన్నమ్మ చెప్పింది మాత్రం ఇది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"నేను తవుడు పోసి చేట ఎత్తుకున్నా బాబూ. అమ్మగారు పైకి చూసి, 'వీడు నా కొడుకు కాదు, నాకు కొడుకుల్లేరు' అని వీధంతా వినపడేలా అరిచారు. ఆ అరుపుకి మీరు గుక్కపెట్టి ఏడిస్తే, అమ్మగారి పైట పాలతో తడిసిపోయింది. అయినా ముట్టుకోలా. 'హన్నమ్మా, నీ బిడ్డకి ఆకలేస్తోందే, కాసిని పాలిమ్మంటావా?' అని నన్నడిగారు. ఇయ్యండమ్మా అంటేగానీ తీసుకోలా. పాలు మానిందాకా అంతే. నేను ఊళ్ళో లేని రోజున మా పేట వైపు తిరిగి అడిగేవారంట."

అమ్మా, ఆ సైకిల్లో వంద వింతలు చూసి ఆశ్చర్యపోయాను. ఇది విని మిరపకాయల పక్కన కూలబడ్డాను. కన్న బిడ్డకి పాలివ్వడానికి ఇంకొకరి అనుమతి అడిగావా? ఆకలితో ఏడుస్తున్నవాణ్ణి ముందు పెట్టుకుని, వీడు నావాడు కాదని అన్నావా, నేను బతకాలని? నలుగురిలో నన్ను ఎప్పుడూ "మా రాఘవయ్య", "హన్నమ్మ పిల్లాడు" అనేదానివి. ఒక్కసారి కూడా "నా కొడుకు" అనలేదు. చిన్నప్పుడు నాకు దాని మీద ఎంత కోపమో నీకు తెలీదు. ఇంత పెద్ద సంగతి ఇంట్లో పెట్టుకుని, నేను ఇనుప గుండ్లు చూసి నోరు తెరిచాను.

హన్నమ్మ నన్ను ఎక్కువసేపు కూర్చోనివ్వలేదు. వెళ్ళి సీటు వెనక పట్టుకుంది. ఇన్నేళ్ళూ నన్ను బాబూ, మీరు అని తప్ప పిలవని మనిషి, "నా బిడ్డవి. నేను చెప్తన్నా. ఎక్కరా!" అంది.

ఎక్కాను.

కూర్చో, అమ్మా. లేవకు. పడ్డాను, నిజమే, తిన్నగా వెళ్ళి మిరపకాయల్లో పడ్డాను. దెబ్బ తగల్లేదు. మంటకి మాత్రం రెండు చేతులూ మజ్జిగలో ముంచుకుని కూర్చున్నాను. శివపార్వతి హ్యాండిలు పట్టుకుని, హన్నమ్మ సీటు పట్టుకుని, ఇద్దరూ నన్ను తిట్టినవి ఇక్కడ రాయలేను. కొన్నాళ్ళకి ఒక పొద్దున, వెనక హన్నమ్మ మాట్లాడటం లేదేంటా అనుకుంటూ తొక్కుతున్నాను. చూస్తే ఆమె కళ్ళం అవతలి చివర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నన్ను ఎవరూ పట్టుకోలేదు. ఆగితే పడిపోయేది, కదులుతుంటే నిలబడుతుంది! ఇదేం మాయో నాకిప్పటికీ అంతు పట్టలేదు. గొంతులోంచి ఏదో కేక వచ్చింది, ఏం కేకో నాకే తెలీదు. గేదె కట్టు తెంపుకుందట.

నీ ఒట్టు తప్పాను. ఇప్పుడు ప్లీడరు మాటలు చెప్పను. తప్పాను, నువ్వు తిట్టాల్సిందే.

ఇక్కణ్ణించి పెన్సిలుతో రాస్తున్నాను. కవరు మీద స్టాంపు లేదని సరోజిని ఈపాటికి కనిపెట్టే ఉంటుంది. పైన రాసిందంతా మన ఇంట్లో రాసింది. ఇది మాత్రం మీ విస్సన్నపేటలోనే, బస్టాండు పక్క కాఫీ హోటల్లో కూర్చుని రాస్తున్నాను. పొద్దున్నే బయల్దేరి సైకిలు మీద వచ్చాను, ఒక్కణ్ణే. ఎత్తుల దగ్గర దిగి నడిపించాను, పల్లాల దగ్గర బ్రేకు వదల్లేదు. దారికి రెండు పక్కలా పూసిన తోటలు, ఎండ ఎక్కకముందు ఆ వాసన... బస్సు మధ్య సీటులోకి అది ఎప్పుడూ రాలేదమ్మా.

తిన్నగా చెల్లాయి ఇంటికే వద్దామనుకున్నాను. కానీ నేను సైకిలు దిగడం ఒక్కసారిగా చూస్తే నువ్వు గుండెలు బాదుకుంటావు, ఏడుస్తావు, ఆ కన్ను ఏమైపోతుందోనని భయం వేసింది. అందుకే బావగారిని పట్టుకుని, ఉత్తరం ముందు లోపలికి పంపుతున్నాను. ఆయన్నేమీ అనకు, ఆయనకిందులో ఏ పాపం తెలీదు.

బయల్దేరేముందు హన్నమ్మ ఒక మాట చెప్పమంది. "గండాలన్నీ గడిచిపోయినాయి. ఇన్నాళ్ళూ నా పేరు మీద బతికిన బిడ్డ. ఇంక అమ్మగారిని తీసేసుకోమనండి, నా బిడ్డ అని ధైర్యంగా చెప్పుకోమనండి" అంది. అని చీర చెంగుతో మొహం తుడుచుకుంది. ఆ మాట నీకు అందించాను.

అమ్మా, నువ్వు ఇది వింటున్న ఈ నిమిషంలో నేను మీ వీధి వాకిట్లో నిలబడి ఉన్నాను. చేతులు, కాళ్ళు, తల అన్నీ చోటుకి చోటే ఉన్నాయి. నువ్వు పిలవకపోతే సైకిలు బస్సు మీదకెక్కించి, నేను లోపల పదిమంది మధ్య కూర్చుని వెళ్ళిపోతాను, మళ్ళీ దాని జోలికి పోను. ఈసారి ఒట్టు అక్కర్లేదు, మాట చాలు. కానీ నీకు భయం పోయినట్టయితే, పోకపోయినా సరే, ఒక్కసారి పక్కింటివాళ్ళకి కూడా వినపడేట్టు "నా కొడుకు వచ్చాడు" అని అను. అది వినపడితే లోపలికొస్తాను.

ఇట్లు,
నీ గుమ్మం బయట, చెవులు లోపల పెట్టి నిలబడ్డ
నీ కొడుకు
వీరరాఘవయ్య