ఉప్పుమడిలో ఎడమకాలి అడుగు

ప్రియమైన సుగుణప్పకు,

నీ తమ్ముడు యోహాను వందనాలు చెప్పి రాస్తున్నాను. దేవుని దయవల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వు, బావ, రూతు, అమ్మ అక్కడ బాగున్నారని నమ్ముతున్నాను. అమ్మ కంట్లో చుక్కలు రెండు పూటలా వేస్తున్నారు కదా? మందు అయిపోతే నాకు చెప్పండి, దాచొద్దు.

ఫోనుండగా వీడికి ఉత్తరమేంటని నవ్వుతావు. ఈ మాట చెప్పాలని నీకు రెండుసార్లు ఫోన్ చేశాను అప్పా. రెండుసార్లూ "కూరేటి?" అని అడిగి పెట్టేశాను. ఇక్కడ హోటల్లో వంటచేసే జలంత్రకోట ఈశ్వరరావు సెలవుకి ఊరొస్తున్నాడు. అతని చేతికి ఇదీ, ఎండుచేప ముక్కలూ ఇస్తున్నాను. ముక్కలు అమ్మకి. ఉత్తరం మాత్రం ముందు నువ్వొక్కదానివే చదువు.

మాల్దీవుల్లో ఇప్పుడు వానలు. మా దీవి ఎంతంటే, ఈ చివర గట్టిగా తన్నితే బంతి ఆ చివర సముద్రంలో పడుతుందని ఇక్కడివాళ్ళ వేళాకోళం. పొద్దున్నే చేప, కొబ్బరికోరు, రొట్టె. మధ్యాహ్నం కూడా చేపే. మన ఉద్దానం కొబ్బరి రుచి ఇక్కడి కొబ్బరికి లేదని వీళ్ళతో రోజూ గొడవపడుతుంటాను, ఒక్కరూ ఒప్పుకోరు. ఆదివారం ఇక్కడ పనిరోజు. సాయంత్రం గదిలో కూర్చుని మన పాటలు మెల్లగా పాడుకుంటాను. ఆ ఒక్క పూటే ఇల్లు గుర్తొచ్చి దిగులేస్తుంది. మిగతా రోజుల్లో బాగానే ఉంటాను, బెంగపెట్టుకోకు.

ఆరేళ్ళు ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆడాను. గోలు కొట్టినప్పుడు భుజాలమీద మోశారు, మోకాలు పోయాక సంచీ చేతికిచ్చి పంపేశారు. కోపం లేదులే, ఆట అంతే. ఇప్పుడు స్కూలు ఆడపిల్లలకి కోచింగ్. నిజం చెప్పనా, ఆడిన రోజులకంటే ఇదే బాగుంది. అరిచి అరిచి గొంతు మాత్రం పోయింది.

ఇక అసలు సంగతి. రూతుకి విశాఖలో స్పోర్ట్సు హాస్టల్లో సీటొచ్చిందని, నెలాఖరులోగా తండ్రిగా తన సంతకం కావాలని బావ ఫోన్ చేశాడు. "ఏటి బావా, నువ్వే సెప్పు. ఆడపిల్లని అంత దూరం పంపమంతావా? ఆట నీకు తెలిసినట్టు మాకేటి తెలుస్తాది?" అన్నాడు. నేను ఆలోచించకుండా "వద్దు బావా, నా మోకాలు చూశావుగా" అనేశాను. "నువ్వన్నాక ఇంకేటుంది" అని బావ కాగితం మడిచి బీరువాలో పెట్టేశాడట. అప్పట్నుంచి రూతు నాతో మాట్లాడ్డం మానేసింది. మానేయదా మరి!

ఆ తర్వాత నువ్వు పంపిన వీడియో చూశాను. స్కూలు గ్రౌండులో రూతు బంతిని ఎడమకాలి లోపలివైపుతో లాగి, మడమ మీద గిర్రున తిరిగి, ఎదుటి పిల్లని నిలబెట్టేసింది. మర్నాడు అదే మలుపు ఇక్కడి పిల్లలకి నేర్పుతుంటే ఒకమ్మాయి అడిగింది, "సార్, ఇది మీకెవరు నేర్పారు?" అని. "నాకు నేనే" అన్నాను. అనేసి, ఆ పూటకి ఆట ఆపి పిల్లల్ని ఇళ్ళకి పంపేశాను.

అప్పా, మన నౌపడలో నాన్న మడి తొక్కిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. తొక్కి చదునుచేసిన ఉప్పుమడిలో నీళ్ళు పెట్టేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు. పెడితే గుంటపడి ఉప్పు నల్లబడుతుంది. మనిద్దరం మర్నాడు తెల్లారకముందే అందులో దిగి బంతి ఆడాం. నువ్వు నీళ్ళకి వెళ్ళిపోయావు. నేను గట్టుమీద ఉన్నాను. టెక్కలి డ్రిల్లు మాస్టారు సైకిలు మీద పోతూ ఆగి, మడిలోకి వంగి చూశారు. మూలన నీ ఎడమకాలు తిరిగిన చోటు, మడమ లోతుగా దిగి, వేళ్ళు అర్ధచంద్రంలా గీసుకుని, అచ్చు పడినట్టుంది.

"ఈ అడుగెవరిదిరా? ఇలా తిరిగినోడు ఆటగాడు" అన్నారు.

"నాదేనండి" అన్నాను.

సాయంత్రం నాన్న వచ్చి అవే అడుగులు చూశాడు. "ఎవులు దిగారు ఇందల? సెప్పకపోతే కాల్లిరగ్గొడతాను!" అన్నాడు. నేను నీవైపు చెయ్యి చూపించాను.

నీకు దెబ్బలు పడ్డాయి. నాకు మాస్టారు బూట్లు కొన్నారు. ఒక్క అడుగే అప్పా, నాన్నకి నీదని చెప్పాను, మాస్టారికి నాదని చెప్పాను. మొదటిది నీకు తెలుసు, రెండోది తెలియదు. ఆ మలుపు నాకు రాక, వారం తర్వాత నీ దగ్గరికే వచ్చి నేర్పమన్నాను. "ఎందుకురా?" అని కూడా అడక్కుండా నేర్పావు. పైగా నవ్వి, "కాలు కాదురా, నడుం తిప్పు" అన్నావు. ఆ ఏడే నిన్ను బడి మాన్పించి మడికి పంపారు. నేను నోరెత్తలేదు.

ఇన్నేళ్ళూ నేను ఆడింది నీ ఆట. నాకు సిగ్గుగా ఉంది. నువ్వు తిట్టాలి. తిడితేనే నాకు నిద్రపడుతుంది.

రూతుని ఆపమని నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మోకాలి సంగతి వంక. రూతు ఆటలో నీ అడుగు బయటపడుతుందేమోనని భయమేసింది, అంతే. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం, అక్కడ మీ ఆరాధన అయ్యాక, నేనే బావకి ఫోన్ చేస్తాను. నువ్వు ఈలోగా ఆ కాగితం బీరువాలోంచి తీసి బల్లమీద పెట్టు. బావ మంచోడు, నా మాట కాదనడు. కానీ ఈసారి నా మాట మీద కాదు, నువ్వు ఆడగా నేను చూసిన ఆట మీద సంతకం పెట్టమంటాను.

అమ్మకి, పెద్దమ్మకి, పాస్టరుగారికి నా వందనాలు. మీ ప్రార్థనల్లో ఈ అబద్ధాలకోరుని మరవకండి.

ఒక చిన్న పని. రూతుకి బూట్లు ఇక్కడే కొంటాను. తెల్లకాగితం మీద దాని పాదం పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసి, ఫోటో తీసి పంపు. ఇంకో కాగితం మీద నీ పాదం కూడా గీయి. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు పిల్లదాంతో ఆడ్డానికి నీకూ ఉండాలి కదా. ఏది ఎవరి అడుగో కింద పేరు రాయి అప్పా. ఈసారి పేరు ఉండాలి.

నీ తమ్ముడు,
యోహాను