నన్ను కింది లెక్కల తరగతికి దించుట గురించి

స్థాయి నిర్ధారణ విభాగపు అధికారి గారి సముఖమునకు,

సాయంత్రపు ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సులో కొత్తగా చేరినవాడును, పగటిపూట ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్ము దుకాణంలో సీనియర్ సేల్స్‌మన్‌ను అయిన విద్యార్థి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొత్త విద్యార్థులకు తమరు జరిపిన లెక్కలు, ఇంగ్లీషు స్థాయి పరీక్షలలో లెక్కలకు సంబంధించి నాకు అన్యాయముగా దక్కిన పై స్థాయిని రద్దుచేసి, నన్ను అట్టడుగు తరగతికి మార్చవలసినదిగా కోరుట, మరియు ఈ కోరికను నా వినయముగా భావించవద్దని ప్రార్థించుట.

1. ఈ సంగతి నోటితో చెప్పుకొనుటకు తమ కార్యాలయపు కౌంటరు వద్దకు ఇదివరకే వచ్చియుంటిని. అక్కడి గుమాస్తా గారు మంచి మనిషి. నా మాట సగం కూడా వినకుండానే ఒక ఫారం తీసి చేతిలో పెట్టారు. తీరా ఇంటికెళ్లి చూసుకుంటే అది కింది తరగతి నుంచి పై తరగతికి ఎక్కించమని అడిగే ఫారం. మర్నాడు మళ్లీ వెళ్లి, నాకు కావలసింది ఎక్కడం కాదండీ, దిగడం అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, దిగడానికి ఫారం లేదని, ఇంతవరకు ఎవరూ అడగలేదని చెప్పారు. ఫారం లేని కారణమున ఈ తెల్ల కాగితం.

2. పరీక్ష నాడు జరిగినది తమకు యథాతథముగా మనవి చేయుచున్నాను. కంప్యూటర్ల గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి, పర్యవేక్షణకు వచ్చిన మేడం గారు స్పష్టంగానే చెప్పారు. ఇది పాసు, ఫెయిలు పరీక్ష కాదు, మీకు ఎక్కడి నుంచి చెప్పాలో మాకు తెలియడం కోసం. ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి, వాటి కింద ‘నాకు తెలియదు’ అని ఒక బటన్ ఉంటుంది, తెలియకపోతే మొహమాటపడకుండా అది నొక్కండి. అందరూ విన్నారు. నేనూ విన్నాను. నాకు చెవుడు లేదు.

కానీ అయ్యా, నా వేలు ఆ బటన్ దగ్గరికి పోలేదు. మా దుకాణంలో చేరిన కొత్తలో యజమాని నేర్పే మొదటి పాఠం, తెలియదు అనే మాట కొనడానికి వచ్చినవాళ్ల ముందు నోట రాకూడదని. తెలియదన్నామంటే మనిషి పక్క దుకాణానికి పోతాడు. ఈ మోటారు ఎంత కరెంటు తాగుతుందని ఎవరైనా అడిగారనుకోండి, ‘మంచి ప్రశ్న వేశారండీ’ అని మొదలుపెట్టి, ఫ్రిజ్ తలుపు తీసి లోపల దీపం ఎలా వెలుగుతుందో చూపిస్తాం. దీపం చూశాక కరెంటు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇరవై ఏళ్లుగా నేను తిన్న తిండి ఆ దీపం పెట్టిందే. అలాంటివాణ్ణి తీసుకొచ్చి తెలియదని నొక్కమంటే ఎలా నొక్కుతాను?

3. సదరు పరీక్షలో నేను అవలంబించిన పద్ధతి ఎట్టిదనగా: మా షాపులో నాలుగు ఫ్రిజ్‌లు వరసగా పెట్టామంటే నాలుగూ అమ్మడానికి కాదు. ఒకటి మరీ చిన్నది, చూసి పెదవి విరవడానికి. ఒకటి ధర వినగానే గుండె గుభేలుమనడానికి. ఒకటి అసలుదానికి కవలపిల్లలా ఉండి, ఎక్కడో ఒక వంక ఉన్నది. మిగిలింది మేం అమ్మదలచుకున్నది. తమ ప్రశ్నలు తయారుచేసిన పెద్దమనిషి ఎవరో గానీ, జవాబులు అచ్చం ఇలాగే సర్దారు. ఒకటి మరీ చిన్న అంకె, ఒకటి మరీ పెద్దది, రెండు కవలలు. ఆ రెంటిలో ఏది సరుకో, ఏది వంకో కనిపెట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

సరైనది నొక్కిన కొద్దీ ఆ యంత్రం ఇంకా గట్టి ప్రశ్నలు ఇస్తుందని తర్వాత తెలిసింది. అవి గట్టివని కూడా నాకు తెలియలేదు. ఒక దశలో ప్రశ్న చదవడమే మానేసి జవాబుల వరస మాత్రం చూస్తూ పోయాను. చివరికి తెర మీద అభినందనలు అని వచ్చింది. అట్టి అభినందనలను ఆ పూట నేను కాదనలేదని ఒప్పుకొనుచున్నాను.

ఇంగ్లీషు విషయంలో నాకెట్టి ఫిర్యాదూ లేదు. అక్కడ జవాబుల వరస లేదు. మీరుండే గది గురించి ఒక పేజీ రాయమన్నారు. రాశాను. చదివినవారెవరో సరిగ్గా పట్టుకుని అట్టడుగు తరగతిలో పడేశారు. వారికి నా నమస్కారాలు తెలియజేయగలరు.

4. ఇందువలన సంభవించిన ఇబ్బందులు: ఇంగ్లీషు తరగతి కింది అంతస్తులో. అక్కడ నాకు హాయిగా ఉంటుంది. అడిగింది రాకపోతే మాస్టారు మళ్లీ చెబుతారు, మళ్లీ తప్పితే మళ్లీ చెబుతారు, నేను రాసుకుంటాను. గంట కొట్టగానే మెట్లెక్కి పై అంతస్తులో లెక్కల తరగతికి వెళ్లాలి. అక్కడ అందరూ మొన్నమొన్న బడి వదిలిన పిల్లలు. లెక్చరర్ గారు బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు రాసి, తుడిచి, మళ్లీ రాస్తారు. నాకు అక్షరం ముక్క తలకెక్కదు. అయినా నేను ముందు బెంచీలో కూర్చుని తల ఊపుతాను.

ఊపకుండా ఉండడం నా వల్ల కాదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే తల ఊపడం నాకు ఊపిరి పీల్చడంతో సమానం. ఆయన నా వైపు చూస్తారు, నా తల ఆడుతుంటుంది, ‘మన పెద్దాయనకు అర్థమైంది కదా, ముందుకు పోదాం’ అంటారు. ముందుకు పోతాం. ఎక్కడికి పోతున్నామో ఆ దేవుడికే ఎరుక.

5. తమ కళాశాల సలహాదారు మేడం గారిని కూడా కలిసితిని. మీకు మీ మీద నమ్మకం తక్కువ, పెద్ద వయసులో చదువుకొచ్చినవారికి ఈ బెరుకు సహజం అని వారు ఓపిగ్గా చెప్పి, ఆత్మవిశ్వాసం పెంచుకోవడం ఎలా అనే చిన్న పుస్తకం ఇచ్చారు. ఆత్మవిశ్వాసమే లేనివాడినైతే ఈ గొడవంతా ఎందుకొస్తుందండీ? నా దగ్గర అది గోదాము నిండా ఉంది. లేనిది లెక్కలు.

6. ఇంటి పరిస్థితి కూడా తమ దృష్టికి తెచ్చుట అవసరము. మా మామగారు, అల్లుడికి లెక్కల్లో పై స్థాయి వచ్చిందని వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చాటారు. ఆయన నా గురించి మంచిగా ఒక మాట అనడం పెళ్లయ్యాక ఇదే మొదలు కాబట్టి కాదనడానికి నాకు నోరు రాలేదు. బావమరిది ప్రొఫెసరు గారూ అని పిలుస్తున్నాడు. పై వాటాలో ఉండే టీచరమ్మ కూతురు భిన్నాల లెక్కలు పట్టుకుని సాయంత్రం తలుపు కొడితే, నేను స్నానాల గదిలోకి దూరి కుళాయి విప్పుతున్నాను. ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. తింటూ లేస్తున్నాను. దుకాణంలో మిక్సీ కావాలని వచ్చినవారికి ఇస్త్రీపెట్టె చూపిస్తున్నాను.

దుకాణం ఊసు వచ్చింది కనుక ఇది కూడా మనవి. ఏడాది చివరికల్లా మా యజమాని దుకాణం మూసేస్తున్నారు. వచ్చినవాళ్లు సరుకు చూసి, తలుపు తీసి మూసి, ఇంటికెళ్లి ఫోన్లో కొనుక్కుంటున్నారు. కింది అంతస్తు అప్పుడే ఖాళీ. మేం ఇప్పుడు అమ్ముతున్నవి అలమారాలు, బల్లలు, గోడకున్న ఫ్యాన్లు. మొదటి పరీక్షల్లో లెక్కలు తప్పితే కోర్సులో సీటు పోతుందని తమ నిబంధనల్లోనే ఉంది. పై తరగతిలో ఉంటే నేను తప్పడం ఖాయం. సీటు పోతే నాకు ఇంకో దారి లేదు. ఈ వయసులో నన్ను మళ్లీ ఏ దుకాణం తీసుకుంటుంది? ఈ మాట గుమాస్తా గారి ముందు చెప్పలేకపోయాను. కాగితం మీద చెబుతున్నాను.

7. ఇక అసలు సంగతి. ఇది పైనే రాయవలసినది, చేయి రాలేదు.

కిందటి వారం మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎక్స్‌రే గదిలో అద్దం వెనక నిలబెట్టి, పని ఎలా జరుగుతుందో చూపించారు. పాత మెషీను. కిరణం ఎంత పోవాలో ముల్లు చేత్తో తిప్పి పెట్టాలి. చేయి విరిగిన పాపను బల్ల దగ్గర కూర్చోబెట్టారు, నాలుగైదేళ్లు ఉంటాయేమో. చేయి చాపలేకపోతోంది. వంచిన చేతికి చోటు చాలదని అక్కడి సీనియర్ టెక్నీషియన్ మేడం కిరణం వచ్చే మెషీను తలను పైకి జరిపి, మా వైపు తిరిగి, ‘దూరం రెట్టింపయింది. ఇప్పుడు ఎంత పెంచాలి?’ అని అడిగారు. అడిగింది నన్నే. లెక్కల్లో పై స్థాయివాడు ఇతనే అని మావాళ్లెవరో ముందే చెప్పి ఉంచారు.

నేను ఏమన్నానో తెలుసా అండీ? ‘మంచి ప్రశ్న వేశారండీ’ అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ‘పాప ఏడుస్తోంది. ఎంత?’ అన్నారు.

చూపించడానికి అక్కడ ఏ దీపమూ లేదు. ఆవిడ ఇంక నా కోసం ఆగకుండా తనే ముల్లు తిప్పి పని కానిచ్చారు. నాలుగు రెట్లు పెంచాలట. దూరం రెట్టింపైతే కిరణం నాలుగో వంతుకు పడిపోతుందట. నేను మనసులో రెండు రెట్లు అనుకున్నాను. ఆ మెషీను దగ్గర ఉన్నది నేనే అయితే బొమ్మ సరిగా పడేది కాదు. మళ్లీ తీయాల్సి వచ్చేది. ఆ పసిది విరిగిన చేతిని మళ్లీ పెట్టాలి, ఆ కిరణం ఒంట్లోకి మళ్లీ పోవాలి, నేను తెలియదనలేకపోయినందుకు. అయ్యా, ఫ్రిజ్ నచ్చకపోతే మనిషి వచ్చి నాలుగు తిట్టి పోతాడు. ఇది అలాంటిది కాదు. ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నాకు భయమేస్తోంది. ఇంతకన్నా ఆఫీసు భాషలో దీన్ని ఎలా రాయాలో నాకు చేతకావడం లేదు.

ఇంటికెళ్లి మా ఆవిడకు అన్నీ చెప్పాను, పరీక్షలో చేసిన నిర్వాకంతో సహా. ఆమె తిడుతుందనుకున్నాను. చేస్తున్న పని ఆపి నా మొహంలోకి చూసింది.

‘అంటే కాలేజీకి కూడా అమ్మేశారన్నమాట. వెళ్లి వాపసు తీసుకోమనండి’ అంది.

ఈ అర్జీ ఆమె మాట మీదనే వ్రాయుచున్నాను.

8. కావున తమరు దయయుంచి, పై కారణములను పరిశీలించి, (అ) నాకు ఇచ్చిన పై స్థాయిని వెనక్కి తీసుకుని, కూడికలు, తీసివేతలు, భిన్నాలు మొదలుకొని చెప్పు తరగతిలో నన్ను కూర్చోబెట్టవలెనని, (ఆ) అది వీలుకాని పక్షమున నన్ను మళ్లీ పరీక్షకు పిలిచి, జవాబుల వరస లేని కాగితం ఇవ్వవలెనని, (ఇ) ఈ మార్పు సంగతి మా మామగారికి తెలియజేయు బాధ్యత మాత్రం తమ కార్యాలయము తీసుకొనరాదని, అది నేనే చూసుకొందునని సవినయముగా వేడుకొనుచున్నాను. మొదటి పరీక్షలు దగ్గర పడుతున్నాయి కనుక తొందర చేయవలసినదిగా మనవి.

ఇంతకుమించి విన్నవించుటకు నా వద్ద మాట మిగలలేదు. ఆపై తమ దయ. చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
లెక్కలు రానివాడు

తా.క.: ఈ అర్జీ మడిచి జేబులో పెట్టుకుని, తమ కౌంటరు తెరిచే దాకా ఆగలేక, లెక్కల తరగతికే పోయి కూర్చున్నాను. లెక్చరర్ గారు బోర్డు మీద ఏదో రాసి, అర్థమైందా అన్నట్టు నా వైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను. ‘నాకు ఇది రాదు సార్. మొదటి నుంచీ ఏదీ రాదు’ అన్నాను.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, ‘నాకూ రాదు సార్’ అంది. ఆమె పక్కనున్న అబ్బాయి చెయ్యెత్తాడు. కిటికీ దగ్గర ఇద్దరు. తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. లెక్చరర్ గారు చాక్‌పీసు పక్కన పెట్టి బల్ల అంచున కూర్చుండిపోయారు. మరి ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదేమని అంటే, ఆ అమ్మాయి నన్ను చూపించి, ‘ఆయన తల ఊపుతున్నారు కదా సార్. మాకొక్కళ్లకే రావడం లేదనుకున్నాం’ అంది.

గదిలో ఉన్నవాళ్లంతా నన్ను చూశారు. నేను తల ఊపలేదు.

కాబట్టి అయ్యా, ఈ అర్జీని నా ఒక్కడిదిగా భావించవద్దు. వెనక పేజీలో మిగతావాళ్ల సంతకాలున్నాయి, చోటు చాలక అడ్డంగా కూడా చేశారు. కింది తరగతికి ఇప్పుడున్న గది సరిపోదు. కాస్త పెద్దది చూడండి.