ఇరవై మంచాలకు పేర్ల పట్టిక

8 ఫిబ్రవరి 1988, సోమవారం

కంటి ఆపరేషన్ల శిబిరానికి పేర్ల పట్టిక రాసే పని నా మీద పడింది. పట్టిక పుస్తకంలో కోపం రాయకూడదు. అందుకే ఇక్కడ. కాంపౌండర్ లింగయ్య పెద్దపల్లి నుంచి వచ్చి సంచెడు చీటీలు కుమ్మరించి పోయాడు — ఐదూళ్లవి. సిగరెట్ పెట్టె అట్టల మీద, పెళ్లి పత్రికల వెనుక... మంచాలు ఇరవై. చీటీలు ముప్పై నాలుగు.

"జర సాపుగ ఎక్కియ్యుండ్రి పంతులమ్మా. శుక్రారం డాక్టరుకియ్యాలె."

రిటైరై ఆరేళ్లు. ఇంకా పంతులమ్మనే.

9, మంగళవారం

గళ్లు గీశాను. పేరు, ఇంటిపేరు, ఊరు, వయసు, ఏ కన్ను. ఏ చీటీలోనూ ఐదూ లేవు. వయసు దగ్గర ఒకరు "మస్తు" అని రాశారు. ఇంకొకరు, "మా నాయిన కంటె చిన్న". ఆ నాయన ఎవరు?

నియమం మొదటి పుటలో సిరాతో రాశాను: రెండు కళ్లకూ పొర కమ్మినవారు ముందు, ఒక కంటికే కమ్మినవారు తర్వాత.

చీటీల అక్షరాలన్నీ మసక. ఈ మధ్య సిరాలో నీళ్లు కలుపుతున్నారు.

10, బుధవారం

"రాజయ్య అవ్వ" — కొడుకు రాయించాడు. "ధర్మపురామె" — పుట్టింటి ఊరి పేరుతో పిలిచే ఇరుగుపొరుగు రాయించారు. "మా ఆడబిడ్డ పోశవ్వ" — ధర్మపురి నుంచి ఆమె అన్నలు రాయించారు. ముగ్గురూ ఒక్కతే! సగం రోజు పోయింది.

సాయంత్రం మళ్లీ వచ్చిన లింగయ్య నవ్వాడు. "కండ్లు రెండే గద పంతులమ్మా, మూడో చీటి దేనికి?"

11, గురువారం

ఇలాంటివన్నీ కలిపితే ఇరవై ఒక్కరు తేలారు. పంతొమ్మిది ఖాయం. మిగిలింది ఇద్దరు. బీడీలు చుట్టే మల్లవ్వ, ఒక కన్ను. ఇంకెవరో "కోపపవ్వ", రెండు కళ్లు. పేరు లేదు, ఇంటిపేరు లేదు.

"ఎవరయ్యా ఈమె?"

లింగయ్య తల గోక్కున్నాడు. "మీకు బాగనే ఎర్క."

"నాకు తెలియదు. కొట్టేస్తున్నాను."

వంటింట్లోంచి కోడలు సుజాత ఉరికొచ్చింది. "కొట్టెయ్యకుండ్రి అత్తమ్మా! గా చీటి నేనే రాయిచ్చిన. రాసేటాయిన పేరడగలే... ఊరంత గట్లనే అంటరు గద."

ఊరంతా! నాకు కోపమా అని అరిచాను.

"మొన్న మీరే చాపత్త అనుకోని చాయల ధనియాల పొడి ఏసిండ్రు అత్తమ్మా. అందరం తాగినం. ఎవలన్న చెప్పిండ్రా?"

12, శుక్రవారం

పొద్దున్నే మల్లవ్వ గుమ్మంలో. "నా పేరెక్కిందా పంతులమ్మా? తునికాకు ఈనె కనిపిస్తలేదు. తడుముకుంట సుడుతున్న. కార్ఖానోళ్లు సగం కట్టలు ఎనకకు కొడుతున్రు. ఇంక పని ఇయ్యం అంటున్రు."

మధ్యాహ్నం చెప్తానన్నాను.

నియమం ప్రకారం ఇరవయ్యో మంచం నాది. నియమమూ నాదే. ఆమెకిస్తే లింగయ్య నా పెద్దమనసు గురించి ఐదూళ్లలో చెప్తాడు. కత్తి అంటే నాకు వణుకని ఈ పుటకు తప్ప ఎవరికీ తెలియదు. అది పెద్దమనసెట్లా అవుతుంది?

చేయవలసినవి:

1. పట్టిక తీసుకుని లింగయ్య పెద్దపల్లి బస్సెక్కకముందే ఇరవై ఒకటో మంచం అడగాలి. వరండాలోదైనా సరే.
2. లేదంటే, తర్వాతి శిబిరం ఎప్పుడో కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట వద్దు.
3. మల్లవ్వ ఇంటికి నేనే వెళ్లాలి. ఏం చెప్పాలో...
4. ఇరవయ్యో వరుసలో పేరు రాయాలి. పెన్సిలుతో.